రెండు చుక్కల వేళ

ఆదోనిలో మా ప్రింటింగు షాపు పక్కన ఒక కిరాణా కొట్టు ఉంది. ఆ కొట్టాయనకు మతిమరుపు. గోడకు తగిలించిన రోజువారీ క్యాలెండర్లో పొద్దున చింపాల్సిన కాగితం ఆయనకు దీపాలు పెట్టే వేళకు గుర్తొస్తుంది. అప్పుడు లేచి చర్రుమని చింపుతాడు. మొన్న అట్లాగే చింపాడు. మార్కెట్ యార్డు నుంచి పత్తి లారీలు పోతూ లేపిన దుమ్ములో వెలుతురు ఎర్రగా ఉంది. నేను కడుతున్న పెళ్ళికార్డుల కట్ట పక్కన పెట్టి ఊరికే కూర్చున్నాను. ఆ వేళప్పుడు ఆ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. నేను పుట్టి పెరిగిన ఎమ్మిగనూరులో ఒకాయన మరిచిపోయి కాదు, కావాలనే, ప్రతిరోజూ పొద్దు కుంకగానే కాగితం చింపేవాడు. మా వీధి అంతా ఇంకా మంగళవారంలో ఉంటే ఆయన గోడ మీద బుధవారం వచ్చేసేది. ఆయన జ్ఞానప్ప సారు.

మాది నేతపనివాళ్ళ వీధి. ఆ వీధి చివర ఇల్లు సారుది. లెక్కల మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. భార్య కూడా టీచరే. ఆమెను అందరూ టీచరమ్మ అనేవాళ్ళట. నాకు ఊహ తెలిసేసరికే ఆమె పోయింది, పిల్లలు లేరు. ఆయన ఏసుప్రభువును కొలిచే మనిషి, మేము మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి అమావాస్యనాడు నేత ముట్టని వాళ్ళం. అయినా మా నాయనకూ సారుకూ మంచి జోడీ కుదిరింది. పదో తరగతిలో నా లెక్కలు చూసి మా నాయన నన్ను ఆయన దగ్గరికి తోలాడు. "దీని తలకాయలో ఏమన్నా ఉండాదేమో సూడు జ్ఞానప్పా. ఉంటే బయటికి తియ్యి, లేకుంటే లేదని సెప్పు, మగ్గంలో కూసోబెడతా" అన్నాడు, నా ముందరే.

మొదటిరోజే ఆ క్యాలెండర్ సంగతి చూశాను. కిటికీ అవతల వెలుతురు పోగానే సారు లేచి కాగితం చింపి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు నోరు ఊరుకోదు. "సార్, ఇంకా మంగళవారమే గదా, అప్పుడే చింపినారేం?" అన్నాను. ఆయన కోప్పడలేదు. "మీ ఇంట్లో దీపం పెట్టినారా?" అని అడిగాడు. పెట్టారన్నాను. "అయితే బుధవారం వచ్చేసిందమ్మా. పూర్వం యూదులు అట్లనే లెక్కపెట్టేవాళ్ళు. సృష్టి కథలో కూడా ముందు సాయంత్రాన్ని చెప్పి తర్వాత పొద్దున్ని చెప్తారు. దినం చీకట్లోనే పుడుతుంది. వెలుతురొచ్చేసరికి దానికి సగం వయసు అయిపోయి ఉంటుంది" అన్నాడు. తర్వాత నా వైపు చూసి, "నిన్న మీ అమ్మ పంపిన సొరకాయ బాగుండె" అన్నాడు. ఆ సొరకాయ నేను ఆ మధ్యాహ్నమే ఇచ్చి వచ్చాను. చెప్పొద్దూ, నా బతుకులోంచి ఒక దినాన్ని ఎవరో లాక్కున్నట్లు అనిపించి, లెక్కల పుస్తకం ఎత్తుకొని గబగబా ఇంటికొచ్చేశాను.

వీధిలో వాళ్ళకు ఆ ఇల్లంటే ఒక జంకు ఉండేది. పొద్దు కుంకాక అక్కడ ఏదైనా మాట అంటే అది రేపటికి చేరుతుందనేవాళ్ళు. బాలింతలు ఆ వేళకు ఆ ఇంటి ముందు నడిచేవాళ్ళు కాదు. మా అమ్మ నన్ను పంపేది గానీ, వచ్చాక కాళ్ళు కడుక్కోనిదే లోపలికి రానిచ్చేది కాదు. సారుకు ఇవన్నీ తెలుసు, ఎవరినీ ఏమీ అనలేదు.

మా నాయనకు మాత్రం జంకూ గింకూ లేదు. నేత అయిపోయాక సారు ఇంటి అరుగు మీద కూర్చొని సారును ఏడిపించడం ఆయనకు రోజువారీ కాలక్షేపం. ఒకసారి ఈస్టరు పండుగ ముందు ఇట్లా మొదలుపెట్టాడు. "ఏమప్పా, మీ సామి శుక్రవారం పోయినాడంటివి. ఆదివారం తెల్లారకముందే లేసినాడంటివి. యా లెక్కన మూడో దినమప్పా? నాకు సదువు రాదు గానీ యేళ్ళు మడిసేది వచ్చు." సారు తడుముకోలేదు. "పడుగు మగ్గానికెక్కించిన దినం నువ్వు ఎంత నేస్తావు?" అని అడిగాడు. "జానెడు. ఒక్కోసారి నాలుగు పోగులే." "ఆ దినాన్ని లెక్కలో వేస్తావా, తీసేస్తావా?" మా నాయన ఆశ్చర్యపోయాడు. "యాల తీసేస్తా? మగ్గం గుంతలో కాలు పెట్నాక దినం దినమే." సారు నవ్వాడు. "వాళ్ళూ నీ మాదిరే అప్పా. ముక్క దినమైనా దినమే. శుక్రవారం ముక్క, శనివారం నిండు, ఆదివారం ముక్క. మగబిడ్డకు ఎనిమిదో దినం చేసే సంస్కారం ఒకటుంది వాళ్ళకు. పొద్దు ఇంక కుంకుతుందనగా పుట్టినా ఆ దినమే ఒకటో దినం."

మా నాయన ఊరుకునే రకమా? "బాగుండాది. మరి ఇంకో తావులో మూడు పగళ్ళు, మూడు రాత్రులు అని రాసిండాదంటివే. రాత్రులు రెండే గదప్పా ఉండేది?" అన్నాడు. సారు మొహంలో నవ్వు ఆగింది. "దినమంటే రాత్రీ పగలూ కలిపిన ముద్ద, కొంచెం కొరికినా ముద్ద తిన్నట్లే అని పెద్దలు చెప్పినారు. అది సరిపోతుంది. పదిమందికి నేనూ అదే చెప్తా" అని ఆగి, "రాత్రికి, పగటికి మధ్యన ఒక సందుంది. అదే నాకు సరిపోదు" అన్నాడు. మా నాయన తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.

ఆ సందేమిటో సారు నాకు కొన్నాళ్ళ తర్వాత చూపించాడు. మిద్దె మీదికి పిలిచి ఆకాశంలోకి చూడమన్నాడు. పడమట ఒక చుక్క ఉంది. "ఒకటుంటే ఇంకా పగలే. మూడు కనబడితే రాత్రి, కొత్త దినం. రెండే ఉన్నప్పుడు?" అన్నాడు. నాకేం తెలుసు. "రెండే ఉన్నప్పుడు తెలియదు అన్నారు ఆ యూదుల పెద్దలు. నిన్నటిది కావచ్చు, రేపటిది కావచ్చు. అనుమానం కాబట్టి రెండువైపులా భయపడమన్నారు" అన్నాడు. మా ఇంట్లో దాన్ని అసురసంధ్య అంటారు. ఆ వేళ పడుకోనివ్వరు, తిననివ్వరు, గడప మీద నిలబడితే అమ్మ వీపు పగలగొట్టేది. ఆ మాటే చెప్పాను. "మీ అమ్మకు నాకంటే బాగా తెలుసు" అన్నాడు సారు.

క్రైస్తవుల సమాధుల దొడ్డిలో టీచరమ్మ రాయిని నేను చూసింది ఆ రోజుల్లోనే. సున్నం కొట్టేందుకు సారుతో పాటు వెళ్ళాను. రాయి మీద పేరుంది, పుట్టిన తేదీ ఉంది. పోయిన తేదీ ఉండాల్సిన చోట నున్నగా చెక్కి వదిలేసిన ఖాళీ ఉంది. చుట్టూ ఉన్న రాళ్ళన్నీ తేదీలతో పడుకొని ఉంటే అదొక్కటే ఇంకా మెలకువగా ఉన్నట్లు అనిపించింది. "ఆమె పోయింది ఆ సందులోనేనమ్మా. ఏ తేదీ రాయించేది?" అన్నాడు. "క్యాలెండర్లో ఏదో ఒకటి ఉంటుంది గదా సార్" అన్నాను తెలివిగా. ఆయన సున్నం కుంచె ఆపి నన్ను చూశాడు. "మన గడియారం పట్టుకుపోయి వేరేవాళ్ళ దినాలు కొలిస్తే ఇట్లనే ఉంటాది. మాట చెప్పినోని వాకిట్లో నిలబడి లెక్కపెట్టాలమ్మా, మన వాకిట్లో కాదు." లెక్కల మాస్టరు నాకు నేర్పిన పాఠాల్లో నా తలకెక్కింది ఇదొక్కటే. అది కూడా అక్కరపడిన రోజున మరిచిపోయాను.

పదో తరగతి గట్టెక్కాను. పెళ్ళయి ఆదోని వచ్చాను. మా ఆయనా నేనూ ఈ షాపు పెట్టుకున్నాము. పెళ్ళికార్డులు, పెద్దకర్మ కార్డులు మా ముఖ్యమైన పని. నాలుగేళ్ళ కిందట మా తమ్ముణ్ణి షాపులోకి తెచ్చుకున్నాను. వాడు నేసే మగ్గం ఖాళీ అయ్యింది. ఒంటిచేత్తో రెండు మగ్గాలు నడవవు, ఒకదాన్ని పీకి గుంత పూడ్చారు. మా నాయన ఫోను చేసి ఒక్క మాటే అన్నాడు. "నా ఇంట్లో గుంత పూడిసింది నువ్వే." నేను తగ్గానా? "వాణ్ణి కూడా ఆ గుంతలోనే పూడ్చమంటావా?" అన్నాను. ఆ తర్వాత ఏడాదిపాటు మా మధ్య మాటల్లేవు. అనకూడని మాట అన్నానని మర్నాడే తెలుసు. మొండితనంలో నేను ఆయన కూతుర్నే కాబట్టి ఊరుకున్నాను.

ఒక సోమవారం, దీపాలు పెట్టాక, ఆయనే ఫోను చేశాడు. గొంతు మెత్తగా ఉంది. "పాపా, మూడో దినానికి రా. నీతో మాట్లాడేదుండాది." వస్తాలే నాయనా అన్నాను. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. కానీ నా లెక్క షాపు లెక్క. ఎవరైనా కార్డులకు ఆర్డరిచ్చి మూడో రోజుకు కావాలంటే, ఆర్డరిచ్చిన రోజు తీసేసి లెక్కపెడతాం. మంగళ, బుధ, బేస్తవారం. బేస్తవారం పొద్దున బస్సుకు పోదామనుకున్నాను. చేతిలో ముహూర్తాల పని ఉంది, అది కూడా సర్దుకుంటుందిలే అనుకున్నాను. నాలుగు పోగులు నేసినా దినం దినమే అనే మనిషి సోమవారాన్ని లెక్కలోంచి తీసేస్తాడా? ఆయన బుధవారం పొద్దున్నుంచి అరుగు మీద కూర్చున్నాడట, ఎదురు చూస్తూ.

బుధవారం పొద్దు కుంకిన కాసేపటికి వీధిలోవాళ్ళు ఫోను చేశారు. నాయన పోయాడన్నారు. తమ్ముడూ నేనూ దొరికిన ఆటో ఎక్కి గంటలో ఎమ్మిగనూరు చేరాము. వీధిలో జనం గుమిగూడి ఉన్నారు. నేను ఏడుస్తూ పోతుంటే ఎదురింటి అవ్వ తన అరుగు మీద నుంచే చెయ్యి పట్టుకొని ఆపింది. "దీపాలప్పుడే గదమ్మా లోపలికి పోతివి. మళ్ళా యాడ్నుంచి వస్తాండావు?" అంది. ఆమెకు చూపు తక్కువ. చెయ్యి విడిపించుకొని లోపలికి వెళ్ళాను.

బేస్తవారం మట్టి చేశాము. శుక్రవారం సాయంత్రం చుట్టాలు పల్చబడ్డాక, కట్టె ఊతంతో సారు వచ్చాడు. అప్పటికే బాగా ముసలివాడు. అమ్మ నాతో అప్పటిదాకా చెప్పని మాట ఆయనతో చెప్పింది.

"దీపం ముట్టిచ్చి వస్తాంటి సారూ. ఆయన ఈడనే, గుంత పూడిసిన తావులో సాప మీద కూసోనుండె. వాకిలి దిక్కు సూసి 'వచ్చినావా పాపా, రా' అన్నాడు. ఈ సరోజనే వచ్చినాదని నేను సెంబుతో నీళ్ళు తీస్కొనొస్తి. వాకిట్లో ఎవురూ లేరు. ఈయప్ప పక్కకు జరిగి జాగా ఇచ్చినాడు. 'తప్పు నాదేలే, వాణ్ణి నువ్వు తీస్కపోయింది మంచికే, మనసులో పెట్టుకోవద్దు' అన్నాడు. ఎవురో బదులు సెప్తే వింటాండట్ల తలూపినాడు. ఎవురితో మాట్లాడతాండావు అని అడిగితి. 'నీకు కనపడల్యా?' అని నవ్వినాడు. అంతే. సెంబు నా సేతిలోనే ఉండాది."

ఎదురింటి అవ్వ అన్న మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది. సారు, "ఆ వేళ ఆకాశం దిక్కు చూసినావా అమ్మా?" అని అడిగాడు. "మనుషుల్ని పిలిసేకి వాకిట్లోకి ఉరికితి గదా. పడమట ఒక సుక్క, నెత్తి మీద ఒకటి ఉండె" అంది అమ్మ.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "సార్, నేను ఆలస్యం చేసినానా లేదా? లెక్క చెప్పండి" అన్నాను. ఆయన నిదానంగా చెప్పాడు. "మీ నాయన లెక్కలో సోమవారం ఒకటి. మూడో దినం బుధవారం మగ్గం దిగే వేళకు, పొద్దు కుంకగానే, అయిపోయింది. నా లెక్కలో ఆయన ఫోను చేసేటప్పటికి దీపాలు పెట్టినారు కాబట్టి అప్పటికే మంగళవారం, అదే ఒకటి. మూడో దినమైన బేస్తవారం బుధవారం పొద్దు కుంకినాకనే మొదలైంది. ఆయన పోయింది ఆ రెండిటి సందులో." నేను వదల్లేదు. "అయితే నేను?" "ఆయన వాకిట్లో నిలబడి లెక్కపెడితే నువ్వు వచ్చినావు. చెప్పాల్సింది చెప్పినాడు."

"వచ్చింది నేను కాదు సార్. ఆ మాట నాది. ఏడాది నుంచి దానికోసం కాచుకొని ఉన్నా. దాన్ని ఇంకెవరో వచ్చి వినిపోయినారు" అని అరిచాను. సారు మీద గొంతు లేపడం అదే మొదలు, అదే చివర.

ఆయన నొచ్చుకోలేదు. నేల వైపు చూస్తూ చెప్పాడు. "టీచరమ్మ పోయేటప్పుడు నేను ఆమె చెయ్యి పట్టుకొని మంచం పక్కనే ఉన్నా. ఆమె నా దిక్కు చూడలేదు. తలుపు దిక్కు చూసి, 'ఏమండీ, ఇంతసేపా, రండి' అనింది. నేనీడనే ఉండానంటే వినలేదు. నా చేతిలోంచి తన చెయ్యి తీసేసుకొని తలుపు దిక్కు చాపింది. అట్లనే పోయింది." కట్టెను ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు. "ఇన్నేళ్ళూ నేను తేదీ కోసం చుక్కలు లెక్కపెట్టినానని మీరంతా అనుకున్నారు. ఆ సందులో రెండు దినాలూ ఉంటాయన్నారు గదా. తలుపు కాడ ఆమెకు కనబడింది రేపటి నేనేమో, మంచం పక్కనుండేది అప్పటికే నిన్నటివాడేమో అని చూస్తాండా." "ఇది మీ గ్రంథంలో ఉందా సార్?" అని అడిగాను. "లేదమ్మా. గ్రంథంలో ఉండేది లెక్క ఒక్కటే. ఇది నా భయం." అబద్ధం చెప్పి నన్ను ఊరడించడం ఆయనకు ఎంతసేపు? చెప్పలేదు. అందుకే ఆయన మీద నాకింత గౌరవం.

పోయిన ఏడాది సారు కూడా పోయాడు. నడినెత్తిన ఎండలో, ఎవరికీ ఏ అనుమానమూ లేకుండా పోయాడు. కార్డు నేనే వేశాను. ఇప్పుడు షాపుకు వచ్చినవాళ్ళు ఎవరైనా మూడో రోజుకు కావాలంటే నేను ఒప్పుకోను. ఏ వారమో మీ నోటితో చెప్పండి అంటాను. కొందరు నవ్వుతారు, కొందరు విసుక్కుంటారు. చెప్పేదాకా నేను పెన్ను పట్టుకోను. నాయన నన్ను క్షమించాడనే నమ్ముతాను. ఆ క్షమించిన మాట నా చెవిన పడలేదు, అమ్మ నోట విన్నాను. ఆ తేడా ఎంతదో కొలిచే లెక్క సారు దగ్గర కూడా లేదు.

అమ్మ మా దగ్గరికి రానంది, ఎమ్మిగనూరులోనే ఒక్కతే ఉంది. షాపు మూసి బస్సెక్కితే నేను ఆ ఇంటికి చేరేసరికి దీపాల వేళవుతుంది. అమ్మ చాప మీద కూర్చొని వాకిలి వైపే చూస్తూ ఉంటుంది. నన్ను చూస్తుంది. కళ్ళు బాగానే కనబడతాయి ఆమెకు. అయినా వచ్చినావా అనదు. కదలకుండా, నిదానంగా, "ఎవురూ?" అని అడుగుతుంది. "నేనేనమ్మా, సరోజను" అంటాను గడప ఇవతలే నిలబడి. ఆమె లేచి వచ్చి, నా చెయ్యి గట్టిగా నొక్కి చూసుకున్నాకనే లోపలికి రమ్మంటుంది.